అరంగుళం ఎక్కువ

కర్మాగారంలో చెక్క నమూనాలు చేసే ప్యాటర్న్ షాపు గుమ్మం దగ్గర నాగలింగాచారి కాలెత్తి గడప దాటబోతే గడప మోకాలి దాకా ఉంది, సరేలెమ్మని చేత్తో పట్టుకుని ఎక్కి అటువైపు దిగితే అది షాపు కాదు, అక్క పాతికేళ్లు పిల్లలకి పాటలు నేర్పిన అంగన్‌వాడీ, కాకపోతే పైన రేకులు షాపువే, గోడవారగా రంపపు బల్ల కూడా షాపుదే. పిల్లల చిట్టి కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంటాడు. కాళ్లు నేలకి ఆనవు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి, చంటివాడిలా కాళ్లు ఆడిస్తూ కూర్చుంటాడు, పైగా అందులో వింతేమీ ఉన్నట్టు అతనికి తోచదు.

ఎదురుగా అక్క ముత్యాంబ నేల మీద కూర్చుని ఉంది. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ మర్యాదకి దాని ఊసెత్తరు. పోలియో పట్టిన కుడికాలు ఎప్పటిలాగే చీర కుచ్చిళ్ల కింద దాచుకుంది. చుట్టూ చెక్కముక్కలు, అన్నీ ఇనప పోతల కర్మాగారంలో పాతబడిపోయిన నమూనాలే, పొయ్యిలోకి పోవలసిన వాటిని ముప్పై ఏళ్ల పాటు లింగాచారి సంచిలో వేసుకుని ఇంటికి మోసుకొచ్చాడు. పళ్ల చక్రం నమూనా కుండకి కుదురైంది, సగం పంపు ఉప్పు తొట్టి అయింది, ఇంకెందుకూ పనికిరావన్నవి అక్క బడిలో పిల్లలకి ఆటబొమ్మలయ్యాయి. ఇప్పుడు అక్క వాటినే ఏరి రెండు కుప్పలు పోస్తోంది.

"ఏం చేస్తున్నావక్కా?"

"చల్లారినవి ఇటు, చల్లారనివి అటు," అంటుంది అక్క తలెత్తకుండా. "ఇక్కడ ఏది చేసినా ఓ పిసరు పెద్దదే చేస్తారంట్రా. చల్లారాక సరిపోతాయంట."

అది లింగాచారి షాపు మాట. కరిగిన ఇనుము అచ్చులో చల్లారుతూ కుంచించుకుపోతుంది, అందుకని దానికి చేసే చెక్క నమూనా ముందే కాస్త పెద్దదిగా ఉండాలి, అందుకోసం ఆ షాపులో స్కేలే వేరు. దాని మీద అడుగంటే బయటి అడుగు కన్నా అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. ఆ స్కేలు ఇంటి పనికి వాడకూడదని కొత్తగా చేరినవాడికి మొదటి రోజే చెప్పాలి. ఎందరికి చెప్పాడో లెక్కలేదు, చెప్పేటప్పుడు వేలెత్తి మరీ హెచ్చరించేవాడు.

"నేను చల్లారాను కదా," అంటుంది అక్క మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు. "మరి నా కర్ర చూడు, ఇంకా పొడుగైపోయింది."

చంకకర్ర ఆవిడ పక్కనే ఉంది, చూస్తూండగానే రేకులకి తగులుతోంది. పదకొండేళ్ల కిందట పాత కర్ర విరిగితే ఆసుపత్రివాళ్లు చీటీ మీద నాలుగడుగులని కొలత రాసిచ్చారు, లింగాచారి ఆ చీటీ జేబులో పెట్టుకుని షాపులో మంచి టేకు నమూనా ఒకటి చీల్చి, చిత్రిక పట్టి, చంక కింద మెత్తటి గుడ్డ చుట్టి, వారం తిరక్కుండా తెచ్చి ఇచ్చాడు. గీత పెట్టింది మాత్రం చొక్కా జేబులోని షాపు స్కేలుతో. నాలుగడుగుల కర్ర అరంగుళం ఎక్కువైంది.

లింగాచారి కుర్చీలోంచి కిందికి జారి, బల్ల మీది రంపం తీసి, కర్ర అడుగున కోస్తాడు. ముక్క తెగి పడుతుంది. కర్ర అంతే ఉంటుంది. మళ్లీ కోస్తాడు, మళ్లీ ముక్క పడుతుంది, అక్క ఆ ముక్కల్ని కూడా తీసుకుని చల్లారని కుప్పలో వేస్తుంది, అలా ఎన్ని కోశాడో, చివరికి రంపం కింద పెట్టేస్తాడు.

"అక్కా, అది నేనే తప్పు కొలిచాను. మొదట్నించీ అరంగుళం ఎక్కువుంది."

ఇప్పుడు అక్క తలెత్తుతుంది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"చేసిన రెండేళ్లకి. మా వంటింటి కిటికీ తలుపు అదే స్కేలుతో చేసి, పట్టక, అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమే రంపం సంచిలో పెట్టుకుని మీ ఇంటికొచ్చానక్కా. నువ్వు పక్కింటావిడకి కర్ర చూపిస్తున్నావు, మా తమ్ముడి కొలతకి వెంట్రుకవాసి తేడా ఉండదని చెప్తున్నావు..."

"టీ తాగి వెళ్లిపోయావు."

"ఊఁ."

"కొయ్యడానికి ఎంతసేపు పడతాది?"

"ఒక్క కోత. రెండు నిమిషాలు."

పిల్లలెవరూ లేని గదిలో పిల్లల పాట ఏదో వినిపించి ఆగిపోతుంది. "భుజం చెవి దాకా పోయింది కదరా," అంటుంది అక్క. "ఆఖర్న తల దువ్వుకుందామంటే చెయ్యి లేవలేదు. నా ఒళ్లే వంకర అనుకున్నాను. డాక్టరుగారు కర్ర పొడుగేమోనమ్మా అంటే, మా తమ్ముడు చేశాడండి, అందులో తేడా ఉండదండి అని నేనే ఆయన నోరు మూయించాను. తెలిసీ ఎనిమిదేళ్లు చూస్తూ ఊరుకున్నావు రా లింగా!"

అక్క కోప్పడితే బాగుండునని అతను ఎనిమిది నెలలుగా కోరుకుంటున్నాడు. కోప్పడితే మనసు తేలికపడుతుందనుకున్నాడు, ఏమీ తేలికపడదు, సిగ్గుతో ఒళ్లంతా చచ్చిపోతుంది.

"ఇప్పుడెవరి దగ్గరుంది?"

"నూకాలుకిచ్చాను. రైలు గేటు దగ్గర కూరలమ్మే ఆవిడ. షుగరొచ్చి కాలు తీసేశారు. నీ పెద్దకర్మ నాడు పిలిచి ఇచ్చాను."

"నూకాలా? ఆ మనిషి నా చెవి దాకానే ఉంటాదిరా! కోసే ఇచ్చావా?"

"నువ్వు వాడిన వస్తువక్కా, దానికి రంపం ఎలా పెడతానని..."

ఈ మాట అతను ఆ రోజు అందరి ముందూ అన్నాడు, విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, అతనూ తుడుచుకున్నాడు. నిజానికి రంపం పెడితే ఎందుకు కోస్తున్నావని ఎవరైనా అడుగుతారేమోనని భయపడ్డాడు.

"నామీద ప్రేమా అది, నీ పేరు మీద ప్రేమా?" అంటుంది అక్క, జవాబు కోసం చూడదు, మళ్లీ చెక్కముక్కల వైపు తిరిగిపోతుంది. "అక్కా" అంటాడు, మళ్లీ "అక్కా" అంటాడు, నేల కిందికి దిగిపోతోంది, అక్క వీపు చిన్నదైపోతోంది, దూరం నుంచి ముక్క మీద ముక్క పడుతున్న చప్పుడు ఒక్కటే వస్తోంది.

లింగాచారికి మెలకువ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, ఫ్యాను తిరుగుతోంది, బనీను తడిసి ముద్దయింది. వసారాలో భార్య గొంతు వినపడింది. "ఎండనపడి వచ్చావు, కూర్చో నూకాలూ, మంచినీళ్లు తెస్తాను."

లేచి వెళ్లాడు. నూకాలు గుమ్మం పక్కన గోడకి చేరబడి నిలబడి ఉంది, భార్య చెప్పిన మునక్కాడలు తెచ్చినట్టుంది. అతని చూపు ఆమె కాలి మీద పడింది. ఉన్న ఒక్క కాలికి వేసుకున్న చెప్పు అడుగున, లారీ టైరు ముక్క రెండు పొరలుగా మేకులు కొట్టి ఉంది.

"చెప్పుకి అదేంటి నూకాలూ?"

"టైరు ముక్కండి బాబూ," అంది నూకాలు నవ్వుతూ. "మీ అక్కగారి కర్ర బంగారమండి, నేనే పొట్టిదాన్ని. అందుకని నన్నే ఎత్తు చేసుకున్నానండి."

లింగాచారి ఆమె ముందు మెట్టు మీద కూర్చుండిపోయాడు. భార్య చెంబుతో నీళ్లు తెచ్చి, మొగుడి మొహం చూసి అలాగే ఆగిపోయింది.

"ఆ కర్ర ఒకసారి ఇటివ్వు," అన్నాడు. "అది నేను తప్పు కొలిచి చేశాను నూకాలూ. మా అక్కకి చెప్పలేదు."