అక్క కోడిగీతలు

అక్క రచయిత్రి. ఏదో ఒకటీ అరా కథలు రాసి ఊరుకున్న రచయిత్రి కాదు, పద్దెనిమిది నవలలు అచ్చువేయించుకున్న రచయిత్రి. అయితే ఆవిడ చేతిరాత ఉంది చూశారూ, అది రాసినావిడకే మర్నాటికి అర్థమయ్యేది కాదు. మొదటి వాక్యం మాత్రం గుండ్రంగా, బడిపిల్ల రాసినట్టు పొందిగ్గా పెట్టేది. రెండో వాక్యానికి ఆలోచన పరుగందుకునేది, చెయ్యి దాని వెంట పడేది. మూడో వాక్యం నుంచి ఇక కోడి కెలికినట్టే. ఆ కెలుకుడు చదవగలిగిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది, ఆవిడ చెల్లెలు. చిన్నప్పటి నుంచీ అక్క రాతలన్నిటికీ ఫెయిర్ కాపీలు రాసింది ఆవిడే. అక్కకి పేరొచ్చాక కూడా రాసింది. ఒకరోజు మానేసింది. ఆ మానడం ఇరవయ్యారేళ్ళయింది.

ఎనిమిది నెలల క్రితం అక్క పోయింది. చెల్లెలు వెళ్ళింది, మూల కుర్చీలో గంటసేపు కూర్చుంది, వచ్చేసింది. కంట చుక్క రాలేదు. తోడబుట్టిన దానికి ఇంత రాతిగుండేమిటమ్మా అని చెవులు కొరుక్కున్నారు వచ్చినవాళ్ళు. వాళ్ళని అని లాభం లేదు, ఆవిడకీ అలాగే అనిపించింది. పంటి డాక్టరు మత్తుసూది పొడిచాక చెంప ఉంటుందే, ఉందని తెలుస్తుంది గానీ గిల్లినా తెలియదు. ఆవిడకి మనిషంతా అలా ఉండబట్టి చాలా ఏళ్ళే అయింది. కుట్టు నేర్పే బడిలో టీచరుగా రిటైరయ్యేదాకా పనిచేసింది, వండింది, తిన్నది, నిద్రపోయింది. అన్నీ సవ్యంగానే చేసింది.

అక్క తన కాగితాలన్నీ పెద్ద లైబ్రరీకి రాసిచ్చి పోయింది. నలభై మూడు పెట్టెలు. వాటిని సర్దే అమ్మాయి అక్కడ ఒకతి ఉంది. రెండు నెలలు తంటాలుపడి, రెండు పేజీలు కూడా గట్టెక్కలేక, ఎవరో చెప్తే చెల్లెలికి ఫోన్ చేసింది. ఆ రాత చదవగలిగేది మీరొక్కరేనట, కాస్త దయచూడండి అని బతిమాలింది. పక్కన పేపరు చదువుకుంటున్న ఇంటాయన, "పోయాక కూడా మీ అక్క నీచేత కాపీలు రాయిస్తోందన్నమాట," అన్నాడు. ఆవిడ నవ్వలేదు. రానని చెప్పాలంటే ఎందుకు రానో చెప్పాలి. అంత ఓపిక లేక వెళ్ళింది.

ఆ గది నేలకింద ఉంది. కిటికీ లేదు, పొడుగాటి బల్ల, దానిమీద వంగి చూసే దీపం, గోడ పొడుగునా ఇనుప అరలు. చలి. పెట్టెలు రాగానే ప్లాస్టిక్ చుట్టి రెండు వారాలు ఫ్రీజరులో పెట్టామని, అలా చేస్తే కాగితాలు తినే పురుగులూ వాటి గుడ్లూ చస్తాయని ఆ అమ్మాయి మొదటిరోజే చెప్పింది. తుప్పుపట్టిన గుండుసూదుల్ని, పక్కన చిన్న ముక్క కూడా చిరక్కుండా ఊడదీస్తుంది. చేతులకి తొడుగులు వేసుకోవా అని అడిగితే, శుభ్రంగా కడుక్కుంటే చాలమ్మా, తొడుగు వేస్తే కాగితం ఎంత మెత్తబడిందో వేలికి తెలియదు, చింపేస్తాం అంది. పనిమంతురాలు. చెల్లెలికి పనిమంతులంటే గౌరవం, కాబట్టి వారానికి రెండు రోజులు, మంగళ గురువారాలు, వస్తానంది.

అలా పని సాగింది. ఈవిడ కాగితం చూసి పైకి చదవడం, ఆ పిల్ల టైపు చేసుకోవడం. అక్క ఉత్తరాలు, ఉపన్యాసాలు, ఇంటిపనుల జాబితాలు, ఎవరినో తిట్టి పంపకుండా దాచుకున్న లేఖలు, అన్నీ చదివింది. రైల్వే స్టేషన్లో బండ్ల వేళలు చెప్పే గొంతుతో చదివింది. ఒకచోట అక్క రాసిన తిట్టుకి ఆ పిల్ల పగలబడి నవ్వింది. ఈవిడ ఆగి, నవ్వు అయ్యాక, తర్వాతి వాక్యం అందుకుంది.

అసలు సంగతి ఇప్పుడు చెప్పుకోవాలి. చెల్లెలికి ఒక్కడే కొడుకు. కాలు ఒకచోట నిలిచేది కాదని వాణ్ణి అందరూ బొంగరం అనేవాళ్ళు. ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. మూడు రోజులు. నాలుగో రోజు తెల్లారకుండానే పోయాడు. ఆ రాత్రి కళ్ళు తెరిచి, "అమ్మా, రేపు బడికి సెలవేనా?" అనడిగాడు. సెలవేరా అంది. అదే వాడి ఆఖరి మాట. ఆ మాట ఇంటాయనకి కూడా చెప్పలేదావిడ. ఒక్క అక్కకి చెప్పింది, అక్క ఒళ్ళో తలపెట్టుకుని. రెండేళ్ళకి అక్క నవల వచ్చింది. ఆ ఒక్కటీ చెల్లెలి చేతికి ఇవ్వకుండా, ఎవరికో నోటితో చెప్పి టైపు చేయించింది. అందులో ఆరేళ్ళ పిల్లాడు, పేరు వేరు, జ్వరం అదే. ఆఖరి పేజీలో ఆ మాట, పొల్లుపోకుండా.

నవలకి బహుమతి వచ్చింది. ఎక్కడ చూసినా అదే పుస్తకం. ఒకరోజు బస్సులో పక్క సీటులో ముక్కూ మొహం తెలియని ఆవిడ ఆ ఆఖరి పేజీ చదువుతూ వెక్కివెక్కి ఏడుస్తోంది. చెల్లెలు చూస్తూ కూర్చుంది. నా బిడ్డ కోసం ఏడవాల్సిన ఏడుపంతా వీళ్ళే ఏడ్చేస్తున్నారు, నాకు మిగిల్చిందేమీ లేదు అనుకుంది. అప్పటిదాకా రోజూ ఏడ్చే మనిషి, ఆ రోజుతో ఆగిపోయింది. అక్క మూడుసార్లు ఇంటికొచ్చి తలుపు కొట్టింది. తియ్యలేదు. నాలుగోసారి రాలేదు.

ఇదేదీ ఆ లైబ్రరీ పిల్లకి తెలియదు. అందుకే ఆ గురువారం ముప్పయ్యొకటో పెట్టెలోంచి నాడా కట్టిన ఫైలు ఒకటి తీసి, దాచుకోలేని ఉత్సాహంతో ఎదురొచ్చింది. లోపల ఇరవయ్యారు కాగితాలు. ఒక్కోటి ఒక్కో రకం, ఒక్కదానిమీదా తేదీ లేదు. కానీ అన్నిటికీ మొదటి వాక్యం ఒకటే, దాన్ని ఎవరైనా చదవగలరు: తెల్లారేసరికి జ్వరం తగ్గింది.

"అమ్మా, ఇది ఆ నవలే," అంది ఆ పిల్ల. "మొదట్లో మేడమ్ పిల్లాణ్ణి బతికించారు. ఇరవయ్యారుసార్లు రాసి చూసుకుని, అప్పుడు చంపారు. ఇంతవరకూ ఎవరికీ తెలియదిది."

చెల్లెలికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళకి ఆవిడకి తెలిసొచ్చిన మొదటి వేడి అది, అదీ కోపం. వాడు బతికి లేచి కూర్చున్న కాగితం చేతిలో ఉంచుకుని, ఒకటికి ఇరవయ్యారుసార్లు తూకం వేసి, చంపితేనే పుస్తకం నిలబడుతుందని చంపిందన్నమాట. ఒకసారి దేవుడు తీసుకుపోయాడంటే సరే అనుకుంది. రెండోసారి సొంత పెద్దమ్మ. ఇది తెలియకుండా చచ్చినా బాగుండేది.

ఇవి తనకి అర్థం కావడం లేదని, చదవరానివని రాసెయ్యమని చెప్పింది. అబద్ధం తడుముకోకుండా వచ్చింది. ఆ పిల్ల మొహం వాడిపోయింది. సరేనమ్మా, 'నవల తొలి చిత్తుప్రతులు, చదవరానివి' అని రాస్తాను అంది. రాసుకో అంది ఈవిడ. వాడు అలాగే, బతికించి పారేసిన చిత్తుకాగితంగా, చీకట్లో పడి ఉంటాడు. ఎవడూ చదవడు. అదీ ఒకందుకు మంచిదే అనుకుంది.

అయితే పనిమంతులతో ఒక బాధ ఉంది, సగంలో వదలరు. చదవకపోయినా పర్వాలేదమ్మా, ఏది ముందు రాసిందో ఏది వెనకో చెయ్యివాటం చూసి చెప్పండి, వరసలో పెట్టుకుంటాను అంది ఆ పిల్ల. పీడా పోతుందని చెల్లెలు కాగితాలు ముందుకు లాక్కుంది. గీతలు చూస్తే చాలు, మాటలు చూడక్కర్లేదు అనుకుంది.

మొదటి కాగితం తీసి చూసింది. గీత వణికింది. అక్షరం చివర తోక సన్నగా అటూ ఇటూ ఊగింది. ఈమధ్య పెట్టెల్లో చూసింది ఆ వణుకు. అది అక్కకి చివరి నాలుగైదేళ్ళలో వచ్చిన వణుకు. నవల రాసినప్పుడు అక్క చెయ్యి కత్తిలా ఉండేది. మరి నవల అచ్చయిన ఇరవయ్యేళ్ళకి దాని చిత్తుప్రతి ఎవరైనా రాస్తారా? ఇంకోటి తీసింది. ఇందులో వణుకు లేదు. కానీ చదవడం వచ్చినవాళ్ళకి చదవకుండా చూడటం చేతకాదు. మూడో వాక్యంలో ఒక మాట కంట్లో పడింది. మీసాలు.

ఆరేళ్ళ పిల్లాడికి మీసాలేమిటి?

చదివింది. 'బొంగరానికి మీసాలు మొలుస్తున్నాయి. అద్దం ముందు నుంచి కదలడం లేదు. పెద్దమ్మా నవ్వకు అని విసుక్కుంటున్నాడు.' బొంగరం. నవల్లో పేరు కాదు, వాడి పేరు. ఆవిడ ఇంకోటి లాక్కుంది, ఇంకోటి. ఒకదాంట్లో వాడికి పైపళ్ళు రెండూ వచ్చేశాయి. ఒకదాంట్లో సైకిలు మీదనుంచి పడి మోకాలు చెక్కుకుని, అమ్మకి చెప్పకు పెద్దమ్మా అని బతిమాలుతున్నాడు. ఒకదాంట్లో పరీక్ష తప్పి, పెద్దమ్మ ఇంట్లో రెండు రోజులు దాక్కున్నాడు. ఒకదాంట్లో పెళ్ళికూతురు వీడికంటే బెత్తెడు పొడుగని అందరూ ఆటపట్టిస్తుంటే, అందుకే చేసుకుంటున్నాను, అటక మీద సామాను దింపుతుంది అంటున్నాడు. ఉపమానాలు లేవు, అలంకారాలు లేవు, ఒక్క మంచి వాక్యం లేదు. అచ్చువేస్తే ఎవడూ కొనడు. ప్రతిదాంట్లో వాడి వయసుంది, ఒక్కోదాంట్లో ఒక్కో ఏడు ఎక్కువ. ఏడాదికొక కాగితం. నవల వచ్చిన ఏడు, తను తలుపు తియ్యని ఏడు మొదలుపెట్టి, పోయినేటి దాకా.

బాగా వణికిన కాగితం చివరికి ఉంచుకుని చదివింది. అందులో వాడికి తెల్లవెంట్రుక వచ్చింది. 'అమ్మకి మోకాళ్ళ నొప్పులు పెద్దమ్మా, తను రాలేదు, నువ్వే వెళ్ళరాదా అన్నాడు. నేనెప్పుడూ తయారేరా, మీ అమ్మ తలుపు తియ్యాలి కదా అన్నాను. తీస్తుందిలే అన్నాడు.'

కోపం పోయిందా అంటే పోలేదు. ఆ నవల తప్పే, ఇప్పటికీ తప్పే. కానీ ఇరవయ్యారేళ్ళు వాణ్ణి పెంచింది అక్క. కన్నతల్లి వాణ్ణి ఆరేళ్ళ దగ్గరే ఆపేసి తలుపు వేసుకు కూర్చుంటే, సైకిలు తొక్కించి, మీసాలు మొలిపించి, పెళ్ళి చేసింది అక్క.

చెల్లెలు ఇరవయ్యారూ వరసలో పేర్చింది. తనకి చదవడం వచ్చునని, ఇందాక అబద్ధం చెప్పానని చెప్పింది. మొదటి నుంచి పైకి చదివింది. ఎప్పటి గొంతే, బండ్ల వేళలు చెప్పే గొంతే. ఆ పిల్ల టైపు చేస్తూ చేస్తూ ఎక్కడో ఆపేసింది, ఉత్తినే వింది. అయిపోయాక పెన్సిల్ తీసుకుని, ఫోల్డరు మీద రాసిన పాత వాక్యం రబ్బరుతో చెరిపింది. ఇవి నవల కాదు కదమ్మా, మరి ఇతనెవరని రాయను అనడిగింది.

"మా అబ్బాయి."

ఆ పిల్ల రాసుకుంది. రాసి, చివరి కాగితం మీద ఒకసారి చూపు వేసి, లెక్క సరిచూసుకుంటున్నట్టు నెమ్మదిగా అడిగింది. "అంటే, ఎనిమిదేళ్ళ నుంచి ముప్పై మూడేళ్ళ దాకా. అంతేనా అమ్మా?"

"ముప్పై మూడు పోయినేడు," అంది చెల్లెలు. "ఈ ఏడు వాడికి ముప్పై నాలుగు."

అన్నాక తనమాట తనకే వినబడింది. అలా ఎప్పుడూ లెక్కపెట్టలేదు వాడికి. చెంప మీద ఏదో వెచ్చగా జారుతుంటే అదేమిటో ఆవిడకి వెంటనే తెలియలేదు. ఆ పిల్లకి తెలిసింది. చటుక్కున లేచి, ముందు ఇరవయ్యారు కాగితాల్నీ రెండు చేతులతో బల్ల అవతలికి జరిపింది. తర్వాత వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.