సకల జనుల్లో ఒకతె

రేపు ఊరందరికీ తానే వండబోతోందన్న సంగతి సత్తవ్వకు మైకులో తెలిసింది. అప్పుడామె మహిళా సంఘం హాలు వెనక బోరింగు దగ్గర కూర్చుని, అడుగంటిన అన్నం గంజును బూడిదతో తోముతోంది. హాలు ముందర దీక్షా శిబిరంలోంచి మొగుడు జలపతి గొంతు ఖంగుమని వినబడుతోంది. "రేపు కోరుట్ల రోడ్డు మీద వంటా వార్పు. ఊరు ఊరంత రోడ్డు మీదనే వండుకోని, రోడ్డు మీదనే తినాలె. మా ఇంటామె సత్తవ్వ ముందట ఉండి మన ఆడబిడ్డలందర్ని తోల్కొస్తది. గంజులు, కట్టెలు, పొయ్యిలు అన్ని వాళ్ళే చూసుకుంటరు." చప్పట్లు మోగాయి. పక్కన గిన్నెలు కడుగుతున్న నాహీద్ తలెత్తింది. సంఘంలో సత్తవ్వకు దగ్గరి మనిషంటే నాహీదే.

"నీకు ముందుగాల జెప్పిండా అక్కా?"

"ఇప్పుడే జెప్పిండు గద, నువ్వు గూడ ఇన్నవ్," అంది సత్తవ్వ. అని, మళ్ళీ గంజు మీదకి వంగింది.

సకల జనుల సమ్మె మొదలై వారాలు గడిచాయి. బడికి పంతుళ్ళు రావడం లేదు. బస్సుల్లేవు. బొగ్గు బాయిల్లో పని ఆగిపోయి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియడం లేదు. జలపతి ఆటో గోడవారన పట్టా కప్పుకుని పడుకుంది. ఊళ్ళో ఏ మగవాణ్ని అడిగినా 'పని బంద్' అని ఛాతీ విరిచి చెబుతున్నాడు. సత్తవ్వకు మాత్రం ఆ బందే రెండింతల పనై కూర్చుంది. బడి లేదు కనుక పిల్లలు పొద్దస్తమానం ఇంట్లోనే. ఆటో లేదు కనుక ఇల్లు ఆమె చుట్టే బీడీల మీదే గడవాలి. మొగుడు ఊరి జేఏసీకి పెద్ద కనుక శిబిరం వంట కూడా ఆమెదే. రిలే దీక్ష అన్న పేరే గానీ, పొద్దున కూర్చునేవాళ్ళు కడుపునిండా తిని దండలు వేయించుకుంటారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేచి అంతకంత తింటారు. ఉపాసం వాళ్ళది, వంట వీళ్ళది.

అలాగని ఆమెకు తెలంగాణ వద్దా అంటే, ఆ మాట అన్నవాడి నోరు మూయించడానికి ఆమే ముందుంటుంది. నీళ్ళు లేక ఎండిన పొలాల్లో కైకిలి పని దొరకని ఏడాది ఎలా ఉంటుందో ఆమె కంటే ఎవరికి బాగా తెలుసు. ర్యాలీలో జై కొడుతుంటే ఒళ్ళు గగుర్పొడిచిన రోజులు ఆమెకూ ఉన్నాయి. ఇది తన కొట్లాటే. తన కొట్లాటలో తనకు గంటె తప్ప ఇంకేదీ చేతికి రాలేదన్నదే ఆమె బాధ. సమ్మె ఆమెకు కొత్త కాదు. సిరిసిల్లలో నాన్న సాంచాల మీద బట్ట నేసేవాడు. కూలి పెంచమని సాంచాలు ఆగినప్పుడు వీధి వీధంతా చప్పుడు లేక బోసిపోయేది, నాన్న జెండా పట్టుకుని చౌరస్తాలో కూర్చునేవాడు. ఆ నెలల్లో పొయ్యి వెలిగించింది అమ్మ బీడీలు. సమ్మె గెలిచినరోజు నాన్న మెడలో దండ పడింది. అమ్మ ఆ పూట కూడా బీడీలు కార్ఖానాలో ఇచ్చి రావడానికి పోయింది, ఎవరూ ఆమె ఏదని అడగలేదు. చిన్నప్పుడు సత్తవ్వ కూడా అడగలేదు, ఆ సంగతి ఈ మధ్య తరచుగా గుర్తొస్తోంది.

ఇక ఈ హాలు. దీనికోసం సంఘం ఆడవాళ్ళు తిరగని ఆఫీసు లేదు. జాగా ఇవ్వమంటే సర్పంచు ఊరి చివర పీనుగుల్ని పూడ్చే బొందలగడ్డ పక్కన ఇస్తానన్నాడు, వీళ్ళు పంచాయతీ అరుగు మీద కూర్చుని లేవలేదు. రోడ్డుకు దగ్గరగా ఈ జాగా ఇచ్చాక ఇసక మోసింది, గోడలు తడిపింది వీళ్ళే. గోడ మీద 'మహిళా సంఘం భవనం' అని రాయించుకున్న రోజు సత్తవ్వ దాన్ని ఎన్నిసార్లు చూసిందో. మధ్యాహ్నం చాటలు పట్టుకుని అందరూ ఇక్కడికి వచ్చి ఫ్యాను కింద బీడీలు చుట్టేవాళ్ళు. నాహీద్ ఒక మూల ఆడపిల్లలకు కుట్టు నేర్పేది. బతుకమ్మ పండుగ ముందు పాటలన్నీ ఇక్కడే. అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ గట్టిగా నవ్వొచ్చు. ఇంట్లో గట్టిగా నవ్వితే అత్త బాలవ్వ, "ఏందే గా ఇకిలింపులు, వాడకు ఇనవడ్తున్నయ్," అంటుంది. శిబిరం వచ్చాక హాలు మగవాళ్ళ చేతికి పోయింది. రెండు రోజులకే అన్నారు. ఇప్పుడు కుట్టుమిషను మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి, గోడ మూలల్లో గుట్కా ఉమ్ములు, చాపల మీద పేకముక్కలు. ఆడవాళ్ళు వెనక తలుపు నుంచి గంజులు పట్టుకుని వచ్చి, వెనక తలుపు నుంచే పోతున్నారు.

ఆ సాయంత్రం అన్నం పెడుతుంటే జలపతి కంచంలోంచి తలెత్తకుండానే అన్నాడు. "ఎల్లుండి పొద్దుగాల పెయింటరు వస్తడు. హాలు మీద పేరు మారుస్తున్నం. ఉద్యమ భవనం అని రాపిస్తం. ఇగ మీదట మనవాళ్ళకు ఒక అడ్డా ఉండాలె."

"మరి సంఘం?"

"మీకెందుకే హాలు? బీడీలు ఇంట్ల కూసోని చుడితె చుట్టరావా?"

"గా జాగ కోసం ఎంత తిరిగినమో నీకు ఎరుకనే గద."

"తెలంగాణ కోసం పోరగాళ్ళు పానాలిచ్చిండ్రు. నువ్వొక గోడ కోసం ఏడుస్తున్నవ్. రేపు నలుగురిల గిట్లనే అంటే ద్రోహి అంటరు నిన్ను, ఎరుకేనా?" పచ్చడి వేయమని కంచం జరిపాడు. బాలవ్వ గోడకు ఆనుకుని తమలపాకు నములుతూ, "మగోడు జెప్పినంక ఇంకేం మాటలే. ఊకో," అంది. సత్తవ్వ ఊకుంది. పచ్చడి కూడా వేసింది. ద్రోహి అన్న ఆ ఒక్క మాటతో ఊరి కొట్లాటకూ మొగుడి మాటకూ మధ్య ఇంత సందు కూడా లేకుండా చేశాడు. మొగుడికి ఎదురు చెబితే తెలంగాణకు ఎదురు చెప్పినట్టేనట. ఎవరు పెట్టారీ లెక్క అని ఆమె అంట్లు తోముతున్నంతసేపూ ఆలోచించింది.

మర్నాడు కోరుట్ల రోడ్డు మీద ఒక వరసన పొయ్యిరాళ్ళు పెట్టారు. పెట్టారు అంటే ఆడవాళ్ళు పెట్టారు. కట్టెలు మోసుకొచ్చింది వాళ్ళే, బియ్యం కడిగింది వాళ్ళే, కారు మీదికి వస్తే పొయ్యి ముందు నుంచి కదలకుండా కూర్చున్నది కూడా వాళ్ళే. మగవాళ్ళు టెంటు కింద మైకు దగ్గర ఉన్నారు. రాత్రి వానకు కట్టెలు తడిసి పొగ కమ్ముకుంది. సత్తవ్వ పెద్ద గంజు ముందు మోకాళ్ళ మీద వంగి ఊది ఊది, కళ్ళ నీళ్ళు కారుతుండగా మంట లేపింది. బగారన్నానికి ఎసరు మరిగింది, బియ్యం పోసింది. అప్పుడు పేపరతను వచ్చాడు.

"అమ్మా, నువ్వు జర పక్కకు జరుగు," అన్నాడతను కెమెరా సర్దుకుంటూ. "జలపతన్నా, నువ్వు రా. గంటె పట్టుకోని పొయ్యి కాడ కూసో. కండువా మంచిగ కనవడాలె."

సత్తవ్వ జరిగింది. జలపతి ఆమె చేతిలో గంటె తీసుకుని, ఆమె కూర్చున్న చోటే కూర్చున్నాడు. ఇంకో నలుగురు మగవాళ్ళు వచ్చి గంజు చుట్టూ వంగారు. ఒకడు ఊదుగొట్టం పట్టుకున్నాడు, తల్లకిందులుగా. "నవ్వకుండ్రి, పోరాటం గద," అన్నాడు పేపరతను. ఫోటో దిగారు. ఇంకోటి దిగారు. సత్తవ్వ ఫోటోకు అందనంత దూరంలో కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నిలబడి ఉంది. జలపతి లేచాడు, ప్యాంటు దులుపుకున్నాడు, ఆమె ముఖం కేసి చూడకుండానే గంటె చాచాడు.

"ఇగ పట్టు. అడుగంటుతది."

ఆమె చేతులు అలవాటు కొద్దీ ముందుకు పోయాయి. సగంలో ఆగాయి. ఆ చేతులను తానే ఆపిందని ఆమెకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"వంటా వార్పు అంటె ఏంది?" అంది మెల్లగా.

"ఏంది, తెల్వనట్టు అడుగుతున్నవ్. నిరసన."

"నేను రోజు ఇంట్ల జేసే పనే గద ఇది. పొయ్యి తెచ్చి రోడ్డు మీద పెట్టంగనె నిరసన ఎట్లయితది? నువ్వు వండితె అయితది. నువ్వెన్నడు వండలే."

వెనకాల ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. జలపతి ముఖం ఎర్రబడింది. "సత్తవ్వా, అందరు చూస్తుండ్రు," అన్నాడు పళ్ళ సందునుంచి.

"చూడనీ. సకల జనుల సమ్మె అన్నరు. బస్సులు బంద్ వెట్టిండ్రు, బడి బంద్ వెట్టిండ్రు, బాయిల్ల బొగ్గు బంద్ వెట్టిండ్రు. నేను జనంల లేనా? నా ఒక్క పని ఇంకా బంద్ గాలే. ఇయ్యాల్టి సంది నేను గూడ సమ్మెల ఉన్న."

అని, గంటెతో నిలబడ్డ మొగుణ్ని అక్కడే వదిలేసి హాలు వైపు నడిచింది. ఇంటికి పోతే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. ఇంతకంటే చిన్న మాటలకే రెండుసార్లు జలపతి చెయ్యి లేచింది. అయినా వెనక్కి తిరగలేదు. కాసేపటికి వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. నాహీద్. ఆమె వెనక ఇంకా కొందరు. పొయ్యిల దగ్గర అన్నం పొంగి మంట మీద పడుతున్న వాసన అక్కడిదాకా వచ్చింది.

హాలులోకి ముందు తలుపు నుంచే పోయారు. మగవాళ్ళ చాపలు, సంచులు, తువ్వాళ్ళు తెచ్చి వరండాలో పెట్టారు. హాలు తాళంకప్ప కిటికీలోనే దొరికింది, సత్తవ్వ దాన్ని తన దగ్గర పెట్టుకుంది. చీపురు ఎవరూ పట్టలేదు, ఉమ్మిన వాళ్ళే కడుగుతారులే అనుకున్నారు. ఇక చేయడానికి ఏమీ లేక కూర్చున్నారు. ఆ కూర్చోవడం సత్తవ్వకు చేతకాలేదు. వేళ్ళు ఊరికే బీడీ ఆకు కోసం వెతుక్కున్నాయి, లేని దారం చుట్టాయి. పట్టపగలు పని లేకుండా కూర్చుంటే దొంగతనం చేసినట్టు ఎందుకుంటుందో, అలా ఉండేట్టు తనను ఎవరు పెంచారో ఆమెకు అర్థం కాలేదు. నాహీద్ కుట్టుమిషను బల్ల మీద తల వాల్చి నిద్రపోయింది. పగలు ఆమె నిద్రపోవడం ఎవరూ చూడలేదు.

పొద్దు వాలేకొద్దీ కబుర్లు రావడం మొదలైంది. ఒకామె కొడుకు వచ్చి బర్రె అరుస్తోందన్నాడు. ఇంకొకామె ఆడబిడ్డ వచ్చి గుమ్మంలో నిలబడి, మాట్లాడకుండా చూసి పోయింది. ఆ చూపుకే ఆమె లేచింది. ఒక్కొక్కరే కొంగు సర్దుకుని, సత్తవ్వ కళ్ళలోకి చూడకుండా వెళ్ళారు. బాలవ్వ వచ్చి వీధి వినేట్టు తిట్టింది. "మొగని ఇజ్జత్ నడిరోడ్డు మీద తీసినవ్. పోరగాండ్లు మాడిన బువ్వ తిన్నరు. నువ్వు తల్లివేనా?"

"వాళ్ళకు నాయిన గూడ ఉన్నడు అత్తా," అంది సత్తవ్వ. అనడం అయితే అంది గానీ, బిడ్డ మాడిన మెతుకులు ఏరుకుంటున్నట్టు కళ్ళకు కట్టింది. లేచి పోవాలనిపించింది. గోడకు వీపు ఆనించి గట్టిగా కూర్చుంది.

చివరికి నాహీద్ మొగుడు ఉబేద్ సైకిల్ మీద వచ్చాడు. రోడ్డు మీదే నిలబడి బెల్లు కొట్టాడు, కాసేపాగి మళ్ళీ కొట్టాడు. నాహీద్ సత్తవ్వ చెయ్యి పట్టుకుంది. "పొద్దుగాల వస్త అక్కా. ఒట్టు."

"పో చెల్లె. నేను ఈడనే ఉంట."

చీకటి పడబోతుండగా జలపతి వచ్చాడు. కేకలు వేయలేదు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. మసి అంటిన చేతులతో గడప పట్టుకుని నిలబడి హాలంతా చూశాడు.

"అందరు పోయిండ్రు. నువ్వు గూడ లే."

"నేను రాను. పెయింటరు వస్తె నాతోని మాట్లాడి పోతడు."

"ఎవర్ని చూస్కోని గింత ధైర్యం? గా పోయినోళ్ళు మల్ల వస్తరనుకుంటున్నవా?"

నాహీద్ వస్తుంది. మిగతా వాళ్ళ సంగతి ఆమెకు తెలియదు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "వస్తె వస్తరు. రాకుంటె లేదు."

జలపతి నవ్వాడు. "రాకుంటె ఒక్కదానివి ఏం సమ్మె జేస్తవే?"

సత్తవ్వ లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది. తలుపు రెక్క మీద చెయ్యి వేసి, మొట్టమొదటిసారి అతని ముఖంలోకి తేరిపార చూసింది.

"ఇన్నేండ్లు ఇల్లు ఒక్కదాన్నే నడిపిన. సమ్మె ఒక్కదాన్ని నడపలేనా?"