చీపురుపుల్లతో తుడిచిన రైఫిల్

మా నాయన ఇమ్మానుయేల్ పద్దెనిమిదేళ్లు మిలిటరీలో పనిచేశాడు. ఇప్పుడు చిత్తూరులో ఒక బ్యాంకు దగ్గర కాపలా. లోకంలో ఏ తుపాకీకైనా ఆయన దగ్గర ఒకటే మందు. చిందీ అనే గుడ్డముక్కకు నూనె పట్టించి, తాడు కట్టి గొట్టంలోంచి లాగడం. అన్నిటికీ అది పనికిరాదని ఎవరన్నా అంటే ఆ రోజంతా వాళ్లకు పాఠమే. నేను చాలాసార్లు విన్నాను ఆ పాఠం.

శనివారం పొద్దున నేను తలస్నానం చేసి వచ్చేసరికి, షూటింగ్ క్లబ్బువాళ్లు నన్ను నమ్మి ఇచ్చిన ఎయిర్ రైఫిల్ మంచం మీద ఉంది. పక్కనే నాయన, పరీక్ష తప్పినవాడిలా కూర్చుని ఉన్నాడు. మరునాడే తిరుపతిలో రాష్ట్ర జట్టుకు ఎంపిక. తాడు ఆ సన్నటి గొట్టంలో పట్టకపోతే, చిందీని కొబ్బరి చీపురుపుల్లతో తోశాడట. పుల్ల విరిగి గుడ్డతో సహా నడుమ ఇరుక్కుంది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇంట్లోవాళ్లను రైఫిల్ ముట్టుకోనిస్తే ఎంపికకు పంపే జాబితాలో పేరు కొట్టేస్తానని కోచ్ హరినాథ్ సార్ ముందే చెప్పి ఉన్నాడు.

నేనే తుడిచానని చెబుతాను, నువ్వు నోరెత్తకు అని క్లబ్బు దాకా నాయనకు నూరిపోశాను. ఆయన బుద్ధిగా తలూపాడు. తీరా అక్కడికి పోయాక, తన కొడుకు వయసున్న హరినాథ్ సార్ ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"తప్పు నాది సార్. పాప లేనప్పుడు నేనే తుడిసినాను. దాని పేరు మటుకు కొట్టెయ్యద్దు."

మా నాయన నోట తప్పు నాది అనే మాట వినడం నాకు అదే మొదలు.

సార్ సన్నటి కడ్డీతో వెనక నుంచి తోస్తే గుడ్డా పుల్లా బయటపడ్డాయి. టార్చి వేసి లోపల చూశాడు. చీపురుపుల్ల కాబట్టి సరిపోయింది, ఇనుప ఊచైతే లోపలంతా గీతలు పడేవన్నాడు. తర్వాత తన పెట్టె తెరిచి నాయనకు క్లాసు పీకాడు. బ్యాంకు తుపాకీకి బొటనవేలంత బ్రష్షు. పాయింట్ టూ టూ రైఫిల్‌కైతే సన్నటి ఇత్తడి బ్రష్షు, చుక్క నూనె. ఎయిర్ రైఫిల్‌కు బ్రష్షూ వద్దు, నూనే వద్దు. ఉన్నితో చేసిన గుళ్లు రెండు పేలిస్తే గొట్టం శుభ్రం. నాయన నూనె దట్టించాడు కాబట్టి ఈసారి పది పేల్చాల్సి వచ్చింది. నాయన ఒక్క మాటకూ అడ్డు చెప్పకుండా అన్నీ విన్నాడు.

చివర్లో సార్ నా వైపు తిరిగి, రేపు పొద్దున ఏడింటికల్లా తిరుపతిలో ఉండమన్నాడు.

ఆదివారం చదివిన ఎంపికైనవాళ్ల జాబితాలో ఆఖరి పేరు నాది. ఆఖరుదైతేనేం, నిస్సీ అని స్పష్టంగానే చదివారు. అయినా బస్టాండుకు నడుస్తుంటే నాయన నా రైఫిల్ పెట్టెకు రెండడుగులు ఎడంగానే నడిచాడు. కాసేపు పట్టుకోమంటే చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"వద్దులే పాపా. నా సేతిలో పడితే మళ్లా ఏమన్నా అయితాది."

ఎంతమంది సిపాయిలకో తుపాకీ పట్టడం నేర్పిన మనిషి ఆయన. నేను ఆగి, పెట్టె ఆయన ముందుకు చాపాను.

"సెయ్యి నొస్తా ఉండాది నాయనా. నువ్వే మోసుకురా."

నా చెయ్యి బాగానే ఉంది.