తిరగబడిన కోడి

మ్యూజియంలో చెక్క అచ్చుల గది నాకప్పగిస్తూ డైరెక్టరుగారు ఒక మెలిక పెట్టారు. ఆదివారం వచ్చే జనం నా బల్ల దగ్గర ఆగి తమ చేత్తో అచ్చు వేస్తే సరే, లేదంటే అచ్చులన్నీ అద్దాల వెనక్కి పోతాయి. చేతికి సిరా అంటకుండా ఈ విద్య తలకెక్కదని నా మొండి నమ్మకం.

బల్ల మీదికి అచ్చు చెక్కింది మా బావ. అక్క మొగుడు, వడ్రంగి. కోడిపుంజు బొమ్మ, కింద 'కోడి' అన్న మాట, రెండూ తిరగేసి గీసిచ్చాను. అచ్చులో అలా ఉంటేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. మరదలు హడావుడిలో తప్పు గీసిందనుకుని, బావ ఆ మాటను శుభ్రంగా దిద్ది చెక్కాడు. ఆదివారం పొద్దున అది చూసి, అక్షరాలు ఎంత ముచ్చటగా ఉన్నాయో అని నేనూ మురిసిపోయాను.

మొదట వచ్చిన టీచరమ్మ సిరా పూసి, కాగితం అద్ది తీసింది. పుంజు ఎటు తిరిగినా పుంజే గానీ, మాట మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడింది. గుమ్మంలో డైరెక్టరుగారు. పక్కనే నిలబడి చూస్తున్న బావ మీద నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను.

"నా కొంప ముంచావు బావా."

"చదవడానికి వీలుగా ఉంటుందని దిద్దానమ్మా," అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

ఈలోగా టీచరమ్మ కాగితాన్ని వెనక నుంచి వెలుతురుకి పట్టి చదివింది. అయితే తిరగేసి చెక్కాలన్నమాట అంది. పక్కాయన నమ్మక తనూ ఒకటి వేసి చూశాడు. నేను గోడ మీద బారెడు రాసి చెప్పాలనుకున్నది వాళ్లంతట వాళ్లే కనిపెట్టేశారు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. వెంటనే ఒక నున్నటి పలక తెచ్చి, సిరాతో తిరగేసి రాసి కాగితం అద్దమన్నాను. బావ మూలన కూర్చుని కొత్త అచ్చు చెక్కుతుంటే అతని చుట్టూ ఒక గుంపు. వరస మెట్లదాకా పోయింది.

డైరెక్టరుగారూ చొక్కా చేతులు మడిచి వరసలో నిలబడ్డారు. పలక మీద 'డికో' అని రాసి అద్దారు. అక్షరాల వరస మార్చారు గానీ అక్షరాలను తిప్పలేదు. గదంతా నవ్వింది. ఆయన మళ్లీ వరస చివరికెళ్లి నిలబడ్డారు. రెండోసారి 'కోడి' తిన్నగా పడేసరికి కాగితం పైకెత్తి అందరికీ చూపించారు. నాకు ఏనుగెక్కినంత సంబరం.

అద్దాలు వద్దని చెప్పేస్తానన్నారు. ఇంకో నాలుగు బల్లలు కావాలన్నారు.

బావ ఉలి పక్కన పెట్టి అడిగాడు. "ఈసారి దిద్ది చెక్కాలా, దిద్దకుండానా?"

"రెండూ కావాలి బావా," అన్నాను.