లెక్క అడగని ఫోన్

హిందూపురంలో మూడు రోజుల శిక్షణ ముగిసేసరికి నా రామకోటి పుస్తకం వెనక పేజీలు రెండు నిండాయి. వేరే నోటుపుస్తకం తీసుకెళ్లడం మరిచిపోయాను. ముందువైపు రాముడి పేరు, వెనకవైపు ట్రిగ్గర్, ప్రాంప్ట్, ఇన్‌పుట్, వేరియబుల్. మొదటి రోజు బస్సులో తప్పేమో అనిపించి పుస్తకాన్ని కళ్లకద్దుకున్నాను. మూడో రోజుకు దానికీ ఓపిక లేకపోయింది.

నేను పెనుకొండలో గొర్రెల పెంపకందారుల సంఘం ఆఫీసులో పని చేస్తాను. కాపరులు ఫోన్ చేస్తే ఎవరికెంత టీకా మందు కావాలో రాసుకోవడం నా పని. ఇక మీదట ఆ ఫోన్ యంత్రమే ఎత్తాలట. దాన్ని తయారు చేసుకోవాల్సింది మాత్రం నేనే. కోడ్ రాయనక్కర్లేదు, తెర మీద డబ్బాలు జరిపి గీతలతో కలిపితే చాలన్నారు.

"సోమవారానికి పదిమంది కాపరులు దాంతో ఆఖరుదాకా మాట్లాడల్లమ్మా. లేకుంటే ఫోన్ల పని ధర్మవరం ఆఫీసుకు పోతాది" అన్నారు మా రఘునాథ్ సార్.

పని ధర్మవరం పోతే నేనూ పోవాలి, లేదా మానుకోవాలి. రొద్దం నుంచి పెనుకొండకు వచ్చేసరికే నా నడుము నాది కాకుండా పోతోంది.

శిక్షణ ఇచ్చిన అమ్మాయి యామిని. నా కూతురి వయసు. ఓర్పు గల పిల్ల.

"కాపరి ఫోన్ చేస్తేనే పని మొదలైతాది కదక్కా, అది ట్రిగ్గర్. ఎట్లా మాట్లాడాలో మనం ముందే చెప్పిపెట్టేది ప్రాంప్ట్. అవతలి మనిషిని అడిగి తీసుకునేది ఇన్‌పుట్. దాని పక్కన రిక్వైర్డ్ అని టిక్కు పెడితే, జవాబు రాంది ముందుకు పోదు."

"మరి వేరియబుల్?"

"తీసుకున్నది దాచిపెట్టే డబ్బా. పేరు పెట్టి దాంట్లో వేస్తాం. కావాల్సినప్పుడు తీస్తాం."

"యాడుంటాది ఆ డబ్బా?"

"కనపడదక్కా."

కనపడనిదాన్ని నమ్మడం నాకు కొత్త కాదు. అయినా ఆ మాట మాత్రం బుర్రకెక్కలేదు. రామకోటి రాసినట్టే పదిసార్లు రాశాను. చేయి నొచ్చింది గానీ అర్థం కాలేదు.

ఎలాగో యంత్రం తయారైంది. పేరు అడుగుతుంది, ఊరు అడుగుతుంది, తర్వాత ఎన్ని గొర్రెలున్నాయో అడుగుతుంది. మూడింటికీ రిక్వైర్డ్ అని టిక్కు పెట్టాను. యామిని మెచ్చుకుంది.

శుక్రవారం రొద్దంలో యంత్రానికి ఫోన్ కలిపి సంజీవప్ప చేతికి ఇచ్చాను. ఆయన మా నాయనతో కలిసి గొర్రెలు మేపిన మనిషి. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. "మీ దగ్గర ఎన్ని గొర్రెలు ఉన్నాయి?" అంది ఫోన్. సంజీవప్ప నా మొహం చూసి, ఎర్ర బొత్తాం నొక్కి, ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"ఏమైంది చిన్నాయనా?"

"ఎవురి బిడ్డవు పాపా నువ్వు?"

"ఊరికే అంకె చెప్తే అయిపోయె కదా."

"మీ నాయన ఎన్నడన్నా నోటితో చెప్పినాడా మంద ఇంతని? సదువుకొని వచ్చినావులే, పో."

మిగతా కాపరులతోనూ చేయించాను. యల్లక్క "దేవుడిచ్చినన్ని" అంది. "దయచేసి అంకె చెప్పండి" అంది ఫోన్. మళ్లీ దేవుడిచ్చినన్నే. మూడోసారికి ఆమె, "దీనికి చెవుడు ఉండాదేమో చూపించు" అని వెళ్లిపోయింది. సాయంత్రానికి ఒక్కరూ ఆఖరుదాకా పోలేదు.

ఇంటికి వచ్చి దీపం పెట్టి, దేవుడి ముందే గోడకు చేరగిలబడ్డాను. నోటితో లెక్క చెప్తే మంద తరుగుతుందా? నాకు తెలీదు. నమ్ముతానని అనలేను, కాదనీ అనలేను. కానీ కాపరి ఇంట పుట్టి, ఆ మాటే మరిచిపోయి టిక్కు పెట్టానే అని సిగ్గేసింది. మా నాయనకు రెండు గుడ్డసంచులుండేవి. పొద్దుగూకి మంద దొడ్లోకి పోతుంటే, ఒక్కో గొర్రెకు ఒక్కో చింతపిక్కను ఈ సంచిలోంచి ఆ సంచిలోకి వేసేవాడు. పిక్క మిగిలితే గొర్రె తప్పిపోయినట్టు. అంకె ఏనాడూ నోటికి రాలేదు. సంచికి తెలుసు, అంతే.

అప్పుడు తెలిసింది వేరియబుల్ అంటే ఏమిటో.

తెల్లవారి యామినికి ఫోన్ చేశాను. "గొర్రెలెన్ని అని అడగకుండా, పోయినసారి మందు ఎన్ని సీసాలు పట్టిందని అడిగితే? సీసా ఎన్నింటికి వస్తాదో మాకు తెలుసు. అది లోపలే హెచ్చవేసుకొని డబ్బాలో పెట్టుకోవల్ల. పైకి మాత్రం అనకూడదు."

"అనదక్కా. ప్రాంప్ట్‌లో రాయండి" అంది.

రాశాను. ఆదివారానికి తొమ్మిదిమంది అయ్యారు. యల్లక్క అయితే ఫోన్‌కు తన మోకాలి నొప్పి కూడా చెప్పుకుంది. సోమవారం పొద్దున్నే సంజీవప్ప దగ్గరికి పోయాను. ఆయన గొణుగుతూనే ఫోన్ తీసుకుని ఎన్ని సీసాలో చెప్పాడు. "సరే సంజీవప్పా, మందు గురువారం వస్తుంది. చివరగా, ఏ పూట ఇంటి దగ్గర ఉంటారు?" అంది ఫోన్.

ఆయన ఫోన్‌ను అరచేత్తో మూశాడు.

"లెక్క అడగలేదే?"

అబద్ధమాడలేకపోయాను. "లోపల ఏసుకునింది చిన్నాయనా. నాయన సంచి మాదిరి. పైకి అనదు."

ఆయన అరచెయ్యి ఫోన్ మీదే ఉంది. తొమ్మిది దగ్గరే ఆగిపోతుందేమో, రేపటి నుంచి ధర్మవరం బస్సేమో అనుకుంటూ నిలబడ్డాను.

"మీ నాయన సంచి మూతి ఆయప్పే కట్టుకునేటోడు. దీని మూతి ఎవురు కడతారు, ఎవురు ఇప్పుతారు?"

యామిని అది చెప్పలేదు. నేనూ అడగలేదు.

"నాకు తెలీదు. అడిగి చెప్తాను."

"తెలీదన్నావు, అది బాగుండాది" అని చెయ్యి తీశాడు. "మాపటేళ ఉంటా" అని ఫోన్‌కు చెప్పి నాకిచ్చాడు. "అడిగొచ్చి చెప్పు. మరిచిపోతే మళ్లీ ఫోన్ ఎత్తను."

పది పూర్తయ్యాయి. పెనుకొండ బస్సులో కూర్చుని రామకోటి పుస్తకం వెనక పేజీ తీశాను. పదిసార్లు రాసిన వేరియబుల్ కింద ఆయన అడిగిన ప్రశ్న రాసుకున్నాను. కళ్లు మూతలు పడుతున్నాయి. ఇంకా ఆఫీసు ఉంది.