నాలుక మీద బొట్టు

నేను ఒక పెన్‌డ్రైవ్‌ని. చిటికెన వేలంత ఒళ్లు, నల్ల ప్లాస్టిక్కు చొక్కా, ముందుకు చాచిన ఇనుప నాలుక. పేరులో పెన్ను ఉన్నా ఒక్క అక్షరం రాయలేను. మనుషులు నాకు అప్పజెప్పిన పని ఒక్కటే, జ్ఞాపకం పెట్టుకోవడం. ఆ మనుషులే తమకు అవసరం పడ్డప్పుడల్లా నన్ను శుభ్రంగా తుడిచేస్తుంటారు. ఇదేం న్యాయమని నేనెప్పుడూ అడగలేదు. అడిగినా వినే చెవి ఎవరికుంది?

ఎక్కడో సముద్రాలకు అవతల ఒక ఫ్యాక్టరీలో, ఒకే పోలికలున్న వేలమంది తోబుట్టువుల మధ్య పుట్టాను. అనంతపురంలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో అట్టకు అతుక్కుని, మేకుకు వేలాడుతూ కొన్ని నెలలు గడిపాను. నన్ను మొదట కొన్నది ఒక ఫొటో స్టూడియో ఆయన. ఆయన దగ్గర రెండేళ్లలో నూటికి పైగా పెళ్లిళ్లు మోశాను. తలంబ్రాలప్పుడు నవ్వే ముఖాలు, అప్పగింతలప్పుడు ఏడ్చే ముఖాలు అన్ని పెళ్లిళ్లలోనూ ఒకేలా ఉండేవి. ఆల్బం అచ్చయిన మర్నాడే నన్ను తుడిచేసి మరో పెళ్లికి పంపేవాడు. తర్వాత ఆయన అన్న కొడుకు చదువు పేరు చెప్పి నన్ను పాలిటెక్నిక్ కాలేజీకి పట్టుకెళ్లి, అక్కడి కంప్యూటరు ల్యాబులో మర్చిపోయాడు.

అలా షాహీన్ మేడం చేతికి చిక్కాను. ఆమె ఆ ల్యాబులో అసిస్టెంటు. నన్ను అగ్గిపెట్టెలో పెట్టి, ‘ఎవరిదైతే వాళ్లు వచ్చి తీసుకోండి’ అని కాగితం రాసి నెల్లాళ్లు బల్లమీద ఉంచింది. ఎవరూ రాలేదు. అప్పుడు నన్ను తుడిచి, నాలో లినక్స్ ఎక్కించింది.

అదేమిటో తెలియని వాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. కంప్యూటరు లేవగానే దాన్ని నడిపించే మూల సాఫ్ట్‌వేరు ఒకటి ఉంటుంది. దుకాణాల్లో దాన్ని అమ్ముతారు, కొందరు దొంగ కాపీలు వేసుకుంటారు. లినక్స్ మాత్రం ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. షాహీన్ మేడం ఆదివారాలు ముసలి కంప్యూటర్లున్న ఇళ్లకు వెళ్లి దాన్ని ఎక్కించి వచ్చేది. ఒక్క పైసా తీసుకునేది కాదు. దాంతో జనానికి ఆమెమీద అనుమానం పుట్టేది. తీసుకునే వాళ్లను నమ్ముతారు గాని, తీసుకోని వాళ్లను నమ్మడం మనుషులకు కష్టం.

అందరికంటే ఎక్కువ అనుమానపడ్డవాడు ధర్మవరం చౌడప్ప. ఆయన పట్టుచీరలకు డిజైన్లు గీసే మనిషి. చిన్నచిన్న గళ్ల కాగితం మీద అంచులు, కొంగులు గీస్తాడు. దాన్నే గ్రాఫు అంటారు. ఆ గ్రాఫు చూసుకుంటూ అట్టలకు వరసగా చిల్లులు గుద్ది, కుట్టి, మగ్గం నెత్తినుండే జాకార్డు యంత్రానికి తగిలిస్తే, చిల్లు ఉన్నచోట దారం లేచి పువ్వు పడుతుంది. కొన్నేళ్లుగా గ్రాఫు పని కొంత కంప్యూటరు మీదికి మారింది. ఆ ఇంటి కంప్యూటరు వైరసు పట్టి మూలనపడితే, ఆయన భార్య ఓబుళమ్మ ఎవరినో అడిగి షాహీన్ మేడం నెంబరు సంపాదించింది.

“ఊరికే ఇస్తాండారంటే ఏదో ఉంటాది మా. రేపు మన గ్రాఫులన్నీ ఎత్తకపోతారేమో” అన్నాడు చౌడప్ప.

“ఎత్తకపోతే పోనీ. మూలనుంటే మాత్రం ఏమొస్తాది?” అంది ఓబుళమ్మ.

ఆ ఆదివారం షాహీన్ మేడం నన్ను ఆ కంప్యూటరుకు గుచ్చి, రెండు గంటల్లో దాన్ని లేపి కూర్చోబెట్టింది. వెళ్తూ నన్ను ఓబుళమ్మ చేతిలో పెట్టింది. “ఇది ఇంట్లోనే ఉండనీ అక్కా. కంప్యూటరు మొండికేసినప్పుడు దీన్ని గుచ్చితే, దీంట్లో నుంచే లేస్తాది. సగం జాగా ఖాళీగానే పెట్టినా. ఏదన్నా దాచుకోను పనికొస్తాది.” ఆనాటి నుంచి నా కాపురం ఆ ఇంట్లో, పట్టు దారం చుట్టిన కండెల డబ్బాలో.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఓబుళమ్మ అడగడానికి వెనకాడే మనిషి కాదు. అక్షరాలు చిన్నవైతే ఫోను, బొమ్మ కనబడకుండా పోతే ఫోను. షాహీన్ మేడం ల్యాబులో ఉన్నా, కూర తరుగుతున్నా జవాబు చెప్పేది. ఒకరోజు ఓబుళమ్మ తెరమీద ఏదో నొక్కితే పేర్ల పట్టిక ఒకటి తెరుచుకుని, కిందికి ఎంత జరిపినా తరగలేదు. భయపడి ఫోను చేసింది.

“వాళ్లంతా లినక్స్ రాసినోళ్లు అక్కా. అందరూ వాడుకోవచ్చు గాని, ఎవరి పని వాళ్ల పేరుమీదే ఉంటాది.”

ఓబుళమ్మ చాలాసేపు ఆ పేర్ల ముందే కూర్చుంది. ఆ ఇంట్లో ప్రతి గ్రాఫు మూలనా ‘చౌ’ అని ఉంటుంది. సగం గళ్లు నింపేది ఓబుళమ్మే అయినా సరే. “శావుకార్లకు తెలిసిన పేరు గదా” అనేవాడు చౌడప్ప. ఆయనలో చెడ్డతనం లేదు, అలవాటు ఉంది. చెడ్డతనాన్నయినా మాన్పించవచ్చేమో గాని అలవాటును మాన్పించడం కష్టం.

ఆ వారం నుంచి, మధ్యాహ్నం ఆయన నడుం వాల్చిన వేళల్లో ఆమె కంప్యూటరు మీద ఒక అంచు గీయడం మొదలుపెట్టింది. చిలకల అంచు. ఆయన గీసే చిలకలన్నీ ముందుకు చూస్తాయి, ఓబుళమ్మ చిలకలు మెడ తిప్పి వెనక్కి చూస్తాయి. నాలుగు నెలలు పట్టింది. పూర్తయ్యాక మూలన ‘ఓ’ అని వేసింది. భర్తకు చూపిస్తే దూరం నుంచే చూసి “బాగుండాది. దసరా పండగ పోయినాక చూద్దాం” అన్నాడు. ఆమెకు ఆ మాటే చాలు. పండగ ఎప్పుడు పోతుందా అని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది.

పండగ రానే వచ్చింది. ఆయుధపూజ రోజు చేనేత ఇంట్లో పనిముట్లకు జరిగే మర్యాద పెళ్లికొడుక్కి కూడా జరగదు. మగ్గం, దారం ఆడించే నాడె, అట్టలు గుద్దే మిషను అన్నింటినీ తుడిచి గంధం, కుంకుమ పెట్టారు. కంప్యూటరుకూ పెట్టారు. ఓబుళమ్మ డబ్బాలోంచి నన్ను తీసి, ‘నువ్వూ పనిముట్టువే కదా’ అన్నట్టు చూసి, చల్లగా ఇంత గంధం, దానిమీద కుంకుమ అద్దింది. నా బతుకులో నాకు జరిగిన తొలి మర్యాద అది. నిజం చెప్పొద్దూ, పొంగిపోయాను. ఎక్కడ పెట్టిందో అప్పుడు నేనూ పట్టించుకోలేదు.

హారతి ఇవ్వబోతూ చౌడప్ప కంప్యూటరు వైపు చూశాడు. దాని లైటు వెలుగుతోంది. లోపల అది కొత్త మార్పులేవో దింపుకుని సర్దుకుంటోంది. “పూజపూట పనిముట్టు నడవకూడదు” అని, ఆయన వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

మర్నాడు కంప్యూటరు లేవలేదు. నల్ల తెరమీద రెండు తెల్ల వరుసలు, అంతే. ఓబుళమ్మ నన్ను తెచ్చి గుచ్చింది. నేను ఇలాంటి రోజు కోసమే ఆ ఇంట్లో ఉన్నాను. లేపుదామని ఎంత పెనుగులాడినా మాట బయటికి రాలేదు. ‘లేవడానికి ఏ డిస్కూ కనబడలేదు’ అంది కంప్యూటరు, నన్ను ఎన్నడూ ఎరగనట్టు.

షాహీన్ మేడానికి ఫోను వెళ్లింది. కాలేజీలో పరీక్షలు, ఆదివారం దాకా రాలేనంది. ఫోనులోనే ఒక్కొక్కటీ చెప్పి చేయించింది. ఈ మీట నొక్కు, ఆ వరస పైకి జరుపు, తీసి మళ్లీ పెట్టు. ఒకరోజు గడిచింది. లినక్స్ వాడేవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకునే ఫోను గ్రూపులో ఆమె అడిగింది. కర్నూలు నుంచి ఒకాయన, నిజామాబాదు నుంచి ఒకావిడ, ఊరు పేరు చెప్పని ఇంకొకరు ఉపాయాలు పంపారు. కర్నూలు ఆయన ఫలానా అమరిక మార్చమన్నాడు, నిజామాబాదు ఆవిడ అది తప్పంది, ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. జీతం లేని పనికోసం ముఖం చూడని మనిషి ఇంటి కంప్యూటరు గురించి ఇంత తగువులాడే వాళ్లను నేను ఎక్కడా చూడలేదు. రెండో రోజూ గడిచింది.

మూడో రోజు చౌడప్ప ఓపిక అయిపోయింది. కంప్యూటరు లేస్తే గాని గ్రాఫు పూర్తికాక, పడుగు దారం ఎక్కించిన మగ్గం ఊరికే ఉంది. “బస్టాండు కాడ రిపేరాయన్ని అడిగినా. అంతా తుడిచేసి కొత్తగా ఏసిస్తాడంట. రేప్పొద్దున ఎత్తకపోతా” అన్నాడు.

ఓబుళమ్మ నన్ను గుప్పిట పట్టుకుంది. దొడ్లోకి వెళ్లి షాహీన్ మేడానికి ఫోను చేసింది.  “మేడం, రేపు తుడిచేస్తారంట.”

“వీడియో కాల్ పెట్టు అక్కా. నువ్వు ఎట్ల గుచ్చుతాండావో నేను చూడల్ల.”

ఓబుళమ్మ కంప్యూటరు దగ్గరికి వచ్చి ఫోనును నా ముందుకు తెచ్చింది. షాహీన్ మేడం కళ్లు చిట్లించి చూసింది.

“అక్కా, ఆ ఎర్రగా ఉండేదేంది?”

“బొట్టు మేడం. పండగ గదా, దానిక్కూడా పెట్టినా.”

“యాడ పెట్టినావు?”

“మూతి మింద. మనిషికైతే నొసట పెడతాం. దీనికి నొసలు యాడుంటాదో నాకేం తెలుసు?”

 షాహీన్ మేడం నవ్వింది, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. కర్నూలు, నిజామాబాదు పండితులంతా కలిసి మూడు రోజులు కొండ తవ్వారు, ఎలుకేమో నా నాలుక మీద ఎండిపోయిన గంధం. ఏ పుస్తకంలో ఉంటుంది గనుక వాళ్లకు తెలియడానికి?

“బొట్టు పెట్టొద్దనను అక్కా. వీపు మింద పెట్టు, నాలుక మింద వద్దు. కొత్త బ్రష్షు ఉంటే తీసుకురా, దూదికి స్పిరిట్టు అద్దుకో.”

తుడవడం నాకు కొత్త కాదు. కానీ పోగొట్టడానికి కాక, మాట తెప్పించడానికి తుడవడం అదే మొదలు. కంప్యూటరు నోట్లోనూ కాస్త కుంకుమ చేరి ఉంటే బ్రష్షుతో దులిపింది. ఆరనిచ్చి గుచ్చింది. ఈసారి తెరమీద వెలుగు వచ్చింది. చౌడప్ప కూడా వచ్చి వెనక నిలబడ్డాడు.

తెర రెండు దారులు చూపించింది. ఏమీ మార్చకుండా నాలోంచే నడిచి చూడడం ఒకటి, పాతదంతా చెరిపేసి కొత్తగా ఎక్కించడం రెండోది. చౌడప్ప చేయి మౌసు మీదికి వచ్చింది. “చెరిపేసేది నొక్కు మా. పోతే పోయినాయిలే, మళ్లా గీసుకుందాం.”

ఓబుళమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది.

“నీయన్నీ ముందు కాగితం మింద గీసి ఎక్కించినవి. పెట్టెలో ఉండాయి. నాది ఒకటే, ఈ కంప్యూటర్లోనే ఉండాది. అది పోతే నాకు ఇంగేం ల్యా.”

చౌడప్ప భార్య ముఖంలోకి చూశాడు. చేయి తీసేసుకున్నాడు. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

ఓబుళమ్మ మొదటి దారి నొక్కింది. షాహీన్ మేడం చెప్పినట్టే ఫోల్డర్లనే సంచీలు ఒక్కొక్కటీ తెరుచుకుంటూ వెళ్లి, అన్నిటికంటే అడుగునున్న దాంట్లో చిలకలను కనిపెట్టింది. తెరిచింది. ఒక్క గడి కూడా చెదరలేదు. దాన్ని తీసుకొచ్చి నాలో, ఆ ఖాళీ జాగాలో దాచింది. నూరు పెళ్లిళ్లు మోసిన నాకు అప్పుడు అనిపించినంత బరువు ఎప్పుడూ అనిపించలేదు. సంతోషపు బరువే అది.

చౌడప్ప మొదటిసారి ఆ గ్రాఫును దగ్గరగా చూశాడు. మూలన ఉన్న ‘ఓ’నీ చూశాడు.

“మెడ కాడ ఒక గడి ఎక్కువైంది.”

“ఆ గడి ఉంటేనే మెడ తిరిగేది.”

ఆయన వేలితో గళ్లు లెక్కపెట్టుకున్నాడు. “అవును” అన్నాడు. మళ్లీ చిలకలను చూసి, “ఎందుకు ఎనక్కి చూస్తాండాయివి?” అని అడిగాడు.

“పిల్లలు ఎనక వస్తాండాయో లేదో చూసుకోవద్దా?”

ఆ తర్వాతే కంప్యూటరును చెరిపి కొత్తగా ఎక్కించారు. మర్నాడు చౌడప్ప అట్టలు గుద్దడానికి కూర్చున్నాడు. నేను పక్కనే డబ్బాలో ఉన్నాను. మొదటి అట్ట గుద్ది, అలవాటు కొద్దీ దాని అంచున స్కెచ్‌పెన్నుతో ‘చౌ’ అని రాశాడు. రాసినదాన్ని అలాగే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత దాన్ని చింపి పక్కన పడేసి, మరో అట్ట తీసుకుని, అవే చిల్లులు మొదటి నుంచీ గుద్ది, దానిమీద ‘ఓ’ అని రాశాడు. ఓబుళమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి అది చూసింది.  కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లింది.

ఆదివారం షాహీన్ మేడం వచ్చేసరికి మగ్గం మీద జానెడు అంచు దిగింది. ఆమె చిలకలను వేలితో తడిమి చూసింది. ఇంకో వీధిలో ఎవరిదో కంప్యూటరు పడకేసిందట, కొత్త లినక్స్ ఎక్కించాలి, నన్ను ఇస్తారా అని మొహమాటంగా అడిగింది. “దీంట్లోది పాతదైపోయింది, మొత్తం తుడవల్ల అక్కా. నీ గ్రాఫు కూడా పోతాది. ఇంకోచోట పెట్టుకున్నావు గదా?”

ఓబుళమ్మ నన్ను అరచేతిలో పెట్టుకుని ఒకసారి చూసింది. మగ్గం వైపు చూసింది.

“పెట్టుకున్నా. తుడుచుకో మేడం. అది ఇప్పుడు మగ్గమెక్కింది.”

అలా నన్ను మళ్లీ తుడిచారు. ఇప్పుడు నాలో చిలకలు లేవు, పెళ్లిళ్లూ లేవు. ఇంటింటికీ తిరుగుతున్నాను, పడకేసిన కంప్యూటర్లను లేపుతున్నాను. కొందరు నన్ను అనుమానంగా చూస్తారు, కొందరు లేచిన తెరను చూసి నన్ను మర్చిపోతారు. నాకు ఎవరిమీదా కోపం లేదు. నా చొక్కా అతుకు సందులో కాస్త కుంకుమ ఇరుక్కుని ఉండిపోయింది. ఏ స్పిరిట్టుకూ అది పోలేదు.