వేసవి జీతం సున్నా

గ్రాంట్ అప్లికేషన్ సాయంత్రం ఐదింటికల్లా వెళ్లిపోవాలి. నాలుగు దాటాక బడ్జెట్ ఆఫీసు నుంచి పద్మజ ఫోన్ చేసి, "ప్రసాద్ గారూ, ఉన్నపళంగా ఇటు రండి. ఫోన్లో తేలేది కాదు," అంది.

ఆంజనేయప్రసాద్ గబగబా బయల్దేరాడు. న్యూజెర్సీలో అతను ప్రొఫెసర్‌గా ఉన్న యూనివర్సిటీ వాళ్లు అతనికిచ్చేది తొమ్మిది నెలల జీతమే. వేసవిలో రీసెర్చ్ చేస్తే, ఆ జీతం ఫెడరల్ గ్రాంట్‌లోంచి తెచ్చుకోవాలి. ఈసారి గ్రాంట్ ఇరుకైంది. తన వేసవి నెల జీతం అందులో పెడితే, ల్యాబ్‌లో తన దగ్గర పనిచేసే హంసికకు ఏడాది పొడుగునా జీతం చాలదు. ఏడాది జీతం చూపించకపోతే ఆమె హెచ్‌వన్‌బీ వీసా పొడిగింపుకి యూనివర్సిటీ ఒప్పుకోదు. అంచేత తన పేరెదురుగా సున్నా వేయించి, ఆ డబ్బు ఆ పిల్ల వైపు మళ్లించాడు. ఈ సంగతి మూడో మనిషికి తెలియనివ్వలేదు, ఒక్క అప్లికేషన్‌లో తప్ప.

పద్మజ కంప్యూటర్ అతని వైపు తిప్పింది. "ఇదెవరు రాశారండీ? 'ప్రొఫెసర్ వేసవిలో ఒక నెలంతా ఉచితంగా పనిచేస్తారు' అని?"

"నేనే. అబద్ధమా?"

"నిజమే. అదే గొడవ. ఒక నెల అని లెక్క చెప్పి మరీ ఉచితం అన్నారంటే, ఆ ఖర్చు యూనివర్సిటీ తన వాటాగా భరిస్తానని మాటిచ్చినట్టు. ఈ గ్రాంట్‌లో అలాంటి వాటా పెట్టకూడదు. కనిపించిందంటే చదవకుండానే తిప్పి కొడతారు."

"ఇదెక్కడి విడ్డూరమండీ! డబ్బు అడిగినవాణ్ణి వదిలేసి, వద్దన్నవాణ్ణి పట్టుకుంటారా?"

"వద్దనండి, ఎవరు కాదన్నారు? దండోరా వేయకండి, అంతే."

ప్రసాద్ మొహం మాడిపోయింది. పెళ్లికి స్టీలు బిందె చదివించినా దానిమీద పేరు కొట్టించందే చేతికివ్వని ఇంట్లో పుట్టి పెరిగినవాడు. బిందె సొట్టలు పోయినా పేరు మాత్రం చెరగకూడదు. అలాంటిది నెల జీతం వదులుకుని నోరెత్తకూడదా? పైగా ఆ సున్నా చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఈయనకి ఈ పని మీద ధ్యాసే లేదనుకోరూ?

"ఆ వాక్యం తీసేస్తే నన్ను లెక్కలోంచి తీసేసినట్టే కదండీ."

"ఉంచితే హంసికను దేశంలోంచి తీసేసినట్టు. మీ ఇష్టం."

"సరే, తీసేయండి."

పద్మజ తీసేసింది. "ఇంకెక్కడైనా రాశారా?"

ప్రసాద్ బల్ల మీది కాగితాలు సర్దసాగాడు.

"ప్రసాద్ గారూ!"

"ప్రాజెక్ట్ వివరాల్లో, చివర... రెండు ముక్కలు."

"రెండు ముక్కలా?" ఆమె పేజీలు తిప్పింది. "పేరా పేరా ఉందిక్కడ!" దాన్నీ పీకి, ఫైలు మళ్లీ ఎక్కించేసరికి ఐదుకి పావుగంట కూడా లేదు. "అయిందా?"

కాలేదు. ప్రసాద్ కాలర్ వదులు చేసుకున్నాడు. "మా హెడ్ ఇచ్చిన లెటర్‌లో కూడా ఉందండీ."

పద్మజ తెరిచి పైకే చదివింది. "'ఇంతటి త్యాగం మా డిపార్ట్‌మెంట్ ఎన్నడూ ఎరగదు.' మీ హోల్డెన్‌కి ఇంత కవిత్వం ఎప్పట్నుంచి?"

"డ్రాఫ్ట్ నేనిచ్చాను. ఆయన సంతకం పెట్టాడు."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. హోల్డెన్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. విమానంలో ఉన్నాడని ఆయన సెక్రటరీ చెప్పింది.

"పోనీ ఆ ఒక్క లైను మనమే చెరిపేస్తే?"

"ఆయన సంతకం పెట్టిన కాగితం మీదా? మీరూ నేనూ కలిసే ఇంటికి పోవాలి." పద్మజ చెయ్యి మౌస్ మీదే ఉంది. "ఈ లెటర్ తప్పనిసరేం కాదు, తీసేయొచ్చు. కానీ మీ గురించి నాలుగు మంచి మాటలున్నది ఇందులోనే. త్వరగా చెప్పండి."

ప్రసాద్ ఆ లెటర్ కేసి చూశాడు. ఒక్కో మాటా ఏరి ఏరి రాసుకున్నది. అది పోతే మిగిలేది తన పేరు, దాని పక్కన సున్నా.

"తీసేయండి," అన్నాడు.

ఆమె సబ్మిట్ నొక్కింది. చక్రం తిరిగింది, తిరిగింది, ఆగి ఎర్రక్షరాలు చూపించింది. జాబితాలో లెటర్ ఉందట, అదేదీ అని అడుగుతోంది. పద్మజ పళ్ల బిగువున ఏదో అనుకుంటూ ఆ టిక్కు తీసి మళ్లీ నొక్కింది. ఐదుకి రెండు నిమిషాలుందనగా తెర మీద పచ్చరంగు కనిపించింది.

పద్మజ కుర్చీలో వెనక్కి వాలిందో లేదో, హంసిక ఫోన్ చేత్తో పట్టుకుని లోపలికి దూసుకొచ్చింది. అప్లికేషన్ కాపీ ఆమెకూ చేరింది.

"సార్, ఏంది ఇది? మీ పేరు పక్కన జీరో ఉన్నది. హెడ్ సార్ లెటర్ గూడ లేదు. ప్రాజెక్ట్ వదిలేస్తున్నరా? మీరు లేకుంటే నేనొక్కదాన్నే ఎట్ల చెయ్యాలె?"

నీ కోసమే అన్న మాట ప్రసాద్ నాలుక చివరిదాకా వచ్చింది. నోటితో చెప్పకూడదని ఏ రూలూ లేదు. కానీ చెప్పాక ఈ పిల్ల ఇలా ఎదురు నిలబడి తనను నిలదీస్తుందా? రేపట్నుంచి ప్రతి మాటకీ తలూపుతుంది. లెక్క తప్పితే తప్పని మొహం మీద చెప్పేది ల్యాబ్‌లో ఈమె ఒక్కతే.

"వదల్లేదమ్మా. వేసవిలో ల్యాబ్‌కి వస్తాను."

"ఎన్ని రోజులు సార్?"

"ఒక నె..."

పద్మజ గట్టిగా దగ్గింది.

"వస్తానన్నాను కదా," అన్నాడు ప్రసాద్.